ముత్తవ్వ ఫోటో

మెట్‌పల్లిలో కరుణాకర్ స్టూడియోకు చనిపోయినవాళ్ళ ఫోటో కోసం వచ్చేవాళ్ళు మామూలుగా ఏడవరు. ఏడుపంతా ఇంటి దగ్గరే అయిపోయి ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి ఏ సైజు, ఏ ఫ్రేము, ఎప్పుడిస్తరు, ఇవే మాటలు. అక్కడ కంప్యూటర్ ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న పద్మలతకు ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళి ఆల్బమ్ కోసం వచ్చేవాళ్ళే చిన్నదానికీ పెద్దదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

హనుమండ్లు కూడా ఏడవలేదు. మాసిన గడ్డంతో, భుజాన తువ్వాలతో వచ్చి మెట్టు మీదే ఆగిపోయాడు. చంకలో గుడ్డసంచి ఉంది.

"లోపటికి రా తమ్మీ," అంది పద్మలత.

"ముట్టుడున్నదక్కా. మొన్న ఐతారం మా అవ్వ పోయింది."

ఆ మాట అని కరుణాకర్ వైపు చూశాడు. కరుణాకర్ ఆ పొద్దున్నే కంప్యూటర్‌కు కొత్త విండోస్ వేయించి, దాని ముందు నిమ్మకాయ కోసి, ఊదుబత్తి ముట్టించి ఉన్నాడు. పాత విండోస్‌ను కంపెనీవాళ్ళు ఇక పట్టించుకోరనీ, ఏ వైరస్ వచ్చి పడ్డా దిక్కులేదనీ ఎవరో భయపెడితే చేయించిన పని అది. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరికొచ్చాయి. అతను లోపలికి రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. క్యాలెండర్ కేసి చూస్తూ కూర్చున్నాడు. మంచితనం అంతా వ్యాపారం పక్కన ముడుచుకుని కూర్చునే మనిషి కరుణాకర్. చివరికి పద్మలతే స్టూలు తీసుకుపోయి మెట్టు మీద వేసింది.

"మీ అవ్వంటే బీడీల ముత్తవ్వ కదా?"

"ఆఁ. వచ్చే బుధారం పదకొండో దినం. గోడకు పెట్ట ఫోటో లేదు."

తల్లి ఆధార్ కార్డు తీసి చూపించాడు. అందులో ముత్తవ్వ కళ్ళు మూసుకుని ఉంది. ఫోన్ తీశాడు. అందులో ఉన్నవన్నీ కరీంనగర్ దవాఖానలోవి. మందులకు జుట్టంతా రాలిపోయి, చెంపలు లోపలికి పోయి, ఎవరో తెలియని ముసలామె మంచం మీద పడుకుని ఉంది. రెండు ఫోటోలు చూపించి అతనే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"గిది పెడితే నా బిడ్డ జడుసుకుంటదక్కా. నేను గూడ సూడలేను."

"జబ్బుకు ముందటియి లేవా?"

"ఫోన్ పట్టంగనే కొంగు అడ్డం పెట్టేది. ముండమోసినదాని ఫోటో నీకెందుకురా అనేది. నాకు బుద్ధి తెల్వకముందే మా బాపు పోయిండు గదా."

సంచిలోంచి తన పెళ్ళి ఆల్బమ్ తీశాడు. అట్ట మీద హనుమండ్లు, నర్మద అని బంగారు అక్షరాలు. పదేళ్ళ కిందట ఈ స్టూడియోవాళ్ళు తీసిందే, పద్మలత కూర్చి పెట్టిందే. ఆమె మెట్టు మీద గొంతుకూర్చుని పేజీలు తిప్పింది. పెళ్ళికొడుకు మంచుకొండల మీద నిలబడ్డాడు. పెళ్ళికూతురు గులాబీ పువ్వులోంచి తొంగి చూసింది. ఆ రోజుల్లో అందరికీ ఆ కొండలూ ఆ పువ్వూ వేసేది పద్మలత. తల్లిదండ్రులు కూర్చోవలసిన పీటల మీద హనుమండ్లు పెద్దనాయన, పెద్దవ్వ అనసూర్య కూర్చుని ఉన్నారు. భర్త లేని తల్లి పీట మీద కూర్చోకూడదు కదా. నలుగు దగ్గర అనసూర్య, మంగళసూత్రం దగ్గర అనసూర్య, అప్పగింతల దగ్గర అనసూర్య. ఆల్బమ్ చివరిదాకా ముత్తవ్వ లేదు.

"గిదో, గిది సూడు," అని హనుమండ్లు ఒక పేజీ మీద వేలు పెట్టాడు. ఫోటో అంచున, సరిగ్గా కోసేసినచోట, గాజుల్లేని చెయ్యి ఒకటి మోచేతి దాకా, ఆకుపచ్చ చీర ముక్క. "గీ మోచెయ్యి మా అవ్వదే."

అంచున సగం మనిషి కనబడితే కోసెయ్యాలి, ఆల్బమ్ పనిలో అది మొదటి పాఠం. పద్మలత ఎన్ని వందల మందిని అలా కోసిందో ఆమెకే తెలియదు.

"కొయ్యకముందు ఫోటోలు మా పాత డిస్కుల ఉంటయి తమ్మీ. అండ్ల ఎక్కడన్న నిండు మనిషి దొరుకుతది. ఫికర్ చెయ్యకు, నేను ఎతుకుత."

లోపల్నుంచి కరుణాకర్ గొంతు వచ్చింది. "గా డిస్కు తుడిచేస్తున్న పద్మా. ఐతారం సంది పెండ్లిళ్ళు, కొత్తయి ఏడ వెయ్యాలె? పదేండ్ల కిందటియి ఎవలన్న అడుగుతరా?"

"అడగనే వచ్చిండు కదన్నా."

కరుణాకర్ మళ్ళీ క్యాలెండర్ కేసి చూశాడు. "శనారం పొద్దుగూకే దాక ఆగుత," అన్నాడు చివరికి.

*

పాత పెళ్ళిళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. పద్మలత దాని మీద నొక్కింది. లోపలికి వెళ్ళేందుకు మీకు అనుమతి లేదని కంప్యూటర్ చెప్పింది.

కరుణాకర్ దాన్ని ఎప్పుడో తన ఒక్కడి పేరున తాళం వేసినట్టు పెట్టుకున్నాడు. పెళ్ళికూతుళ్ళ ఫోటోలు బయటికి పోతాయని అతని భయం. పద్మలత తనకు ఏది కావాలన్నా అతన్నే అడిగి తీయించుకునేది. ఇప్పుడు అతను వచ్చి, మీసం దువ్వుకుని తన పేరు కొట్టినా తెరుచుకోలేదు. పాత విండోస్‌తో పాటు పాత కరుణాకర్ కూడా పోయాడు. ఈ కొత్త విండోస్‌లో ఉన్నవాడి పేరు కూడా కరుణాకరే కానీ, కంప్యూటర్ లెక్కలో వాడు వేరే మనిషి.

"నా ఫోటోలు నన్నే చూడనియ్యదా? ఇదేం లెక్క?" అని అతను విసుక్కుని టీకి వెళ్ళిపోయాడు.

పద్మలత ఫోన్లో హిందీ వీడియో ఒకటి పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి జరుపుతూ, చెప్పినట్టల్లా చేసింది. ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోకి పోయి, సెక్యూరిటీ తెరిచింది. యజమాని పేరు ఉండాల్సినచోట పేరు లేదు. మనిషెవరో తెలియదన్నట్టు ఒక పొడవాటి అంకె ఉంది. దాన్ని మార్చి కొత్త కరుణాకర్ పేరు రాసి సరే అంది. ఫోల్డర్ తెరుచుకుంది. ఊళ్ళవారీగా, ఇంటిపేర్లవారీగా పెళ్ళిళ్ళు వరుసగా నిలబడ్డాయి. హనుమండ్లు పెళ్ళి కూడా కనబడింది. సంతోషంగా దాని మీద నొక్కితే మళ్ళీ అదే మాట, అనుమతి లేదని.

ఆ పూటకు ఓటరు కార్డుల ఫోటోలకు జనం వచ్చారు. గడ్డం పైకెత్తండి, చెవులు కనబడనియ్యండి అని చెప్పడంతోనే సరిపోయింది. మధ్యలో హనుమండ్లు ఫోన్ చేశాడు. దొరికిందా అని అడగలేదు. "ఏం చేస్తున్నవక్కా?" అన్నాడు. అదే మరింత కష్టమనిపించింది ఆమెకు.

మర్నాడు వీడియో మళ్ళీ చూస్తే తప్పు తెలిసింది. యజమాని పేరు కింద చిన్న గడి ఒకటి ఉంది. లోపల ఉన్న ఫోల్డర్లకు కూడా ఈ పేరే వర్తించాలంటే అక్కడ గుర్తు పెట్టాలి. ఆమె పై తలుపు ఒక్కటే తీసి, లోపలి గదులన్నీ అట్లాగే వదిలేసింది. ఈసారి గుర్తు పెట్టి నొక్కింది. ఫైళ్ళ పేర్లు తెర మీద పరుగులు తీశాయి. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె ఒకసారి కూసి ఊరుకుంది. అది చచ్చి ఏడాదైంది, కరుణాకర్‌కు చెప్పీ చెప్పీ ఆమె నోరు నొచ్చింది.

కరెంటు వచ్చాక మొదటినుంచీ చేసింది. ఇప్పుడు ఫోటోల పేర్లు కనబడుతున్నాయి కానీ ఏ ఒక్కటీ తెరుచుకోదు. యజమానిగా పేరు ఎక్కడం వేరు, చూసే హక్కు ఇచ్చుకోవడం వేరని వీడియోలో మనిషి నవ్వుతూ చెప్పాడు. ఆమెకు నవ్వు రాలేదు. హక్కుల పట్టీలో పేరు చేర్చి, అన్నిటికీ గుర్తులు పెట్టి, లోపలివాటన్నిటికీ ఇదే అని చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గీత మెల్లగా నిండింది.

శనివారం మధ్యాహ్నం, కరుణాకర్ అన్నానికి ఇంటికి పోయిన వేళ, పెళ్ళి ఒక్కో ఫోటోగా తెరుచుకుంది.

*

ఆల్బమ్‌లో లేని ముత్తవ్వ ఇక్కడ ఎక్కడ చూసినా ఉంది. కానీ ఏదీ నిండుగా లేదు. పందిరి గుంజ వెనక సగం ముఖం. ఎవరి పిల్లనో ఎత్తుకున్న చేతులు. పూజ సామాను అందిస్తూ నేల మీది నుంచి చాపిన అరచెయ్యి. వంటల దగ్గర వీపు. అందరూ పెళ్ళికొడుకును చూసి నవ్వుతుంటే, ఎక్కడో వెనక, రెండు తలల మధ్యనుంచి ఒక కన్ను కొడుకునే చూస్తోంది. ఆ కన్నును పెద్దది చేసి పద్మలత చాలాసేపు చూసింది. కెమెరా ఎప్పుడూ ఇంకెవరి మీదో ఉంది, కాబట్టి ఆమె ఎప్పుడూ మసకే.

తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి ఫోటోలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. బియ్యం గాలిలో ఎగురుతుంటే తీయాలని కరుణాకర్ అప్పుడు మీట నొక్కి పట్టుకునేవాడు. కన్ను మూసి తెరిచేలోగా నాలుగైదు పడేవి. వాటిలో ఒకదాని దగ్గర పద్మలత చెయ్యి ఆగిపోయింది.

ముత్తవ్వ. ఎదురుగా, నిండుగా, స్పష్టంగా. పసుపు కలిపిన బియ్యం పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, పరుగెత్తి వచ్చిన ఆయాసం ముఖంలో ఉండగానే, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. నుదుటి మీద చెమట. వెంట్రుకలు చెదిరి చెంప మీద పడ్డాయి. ఇంత అందమైన మనిషా ముత్తవ్వ అని పద్మలత కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎవరూ లేని స్టూడియోలో పైకే అంది, "దొరికినవా అవ్వా."

ముఖం వరకు కోసి పెద్దది చేస్తుంటే, భుజం మీద ఎవరిదో చెయ్యి ఉందని కనబడింది. నాలుగు వేళ్ళు భుజం మీద, బొటనవేలు మెడ పక్కన. కోసేయడానికి లేదు, కోస్తే భుజమే పోతుంది. పక్కనున్న చీర రంగు తెచ్చి దాని మీద పూస్తూ వేళ్ళను ఒక్కొక్కటే తుడిచేయాలి. అలాంటి పని ఆమెకు కొత్తేం కాదు. చిటికెన వేలు తీసేసింది, ఉంగరపు వేలు తీసేసింది. మణికట్టు దగ్గరికి వచ్చింది. అక్కడ పసుపుకొమ్ము కట్టిన దారం.

పెళ్ళిలో కంకణం కట్టుకునే మగవాడు ఒక్కడే.

కొడుకు తల్లిని దగ్గరికి తీసుకుంటున్నాడనుకుని ఆమె పక్క ఫోటో తెరిచింది. అందులో ఆ చెయ్యి బిగుసుకుని నిటారుగా ఉంది. ముత్తవ్వ మొహం పక్కకు తిరిగిపోయి ఉంది, నవ్వు మాత్రం ఇంకా చెరగలేదు. కొంచెం ఆగి తీసిన ఆ తర్వాతి దానిలో ముత్తవ్వ లేదు. ఆమె నిలబడిన చోట, అదే పళ్ళెం పట్టుకుని, అనసూర్య ఉంది.

పద్మలత మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది.

*

సాయంత్రం హనుమండ్లు వచ్చి మళ్ళీ మెట్టు మీదే నిలబడ్డాడు. కరుణాకర్ బేరం మాట్లాడటానికి కోరుట్ల పోయి ఉన్నాడు.

"లోపటికి రా. ముట్టుడేదన్న ఉంటే నాకే అంటుకోనియ్యి."

వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తెర మీద తల్లిని చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈ స్టూడియోలో ఏడవని వాళ్ళ లెక్కలోంచి అతను తప్పిపోయాడు. పద్మలత కిటికీలోంచి బజారు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తెర వైపు తిరిగింది.

"భుజం మీది చెయ్యి తీసేస్తున్న. సగం అయ్యింది. పొద్దటికి అవ్వ ఒక్కతే ఉంటది."

అతను ముందుకు వంగాడు. సగం చెరిగిన ఆ చేతిని చూశాడు. తన చేతిని చూసుకున్నాడు.

"తర్వాతది చూపియ్యి."

"ఎందుకు తమ్మీ, గిదే మంచిగున్నది."

అతనే చెయ్యి చాపి బాణం మీట నొక్కాడు. ఒకసారి. ఇంకోసారి. తర్వాత వెనక్కి వచ్చాడు.

"తలంబ్రాల పళ్ళెం లోపటి అర్రలనే మర్చిపోయిండ్రు," అన్నాడు. "పంతులు బియ్యమేవి, బియ్యమేవి అంటుండు. ఎవలకు దొరకలే. కలిపి పెట్టింది అవ్వనే గదా, ఉరికి తెచ్చింది. పెద్దనాయిన నా దిక్కు చూసిండు. ఏమనలే, ఉత్తగ చూసిండంతే. నేనే..." తువ్వాల కొస వేళ్ళకు చుట్టుకున్నాడు. "పక్కకు పో అవ్వా అన్న."

అతను తెర మీద తల్లి మొహం దగ్గర వేలు పెట్టాడు.

"నవ్వుతున్నది చూడక్కా. నేను చెయ్యెయ్యంగనే, పీటల కాడికి పిలుస్తున్ననుకున్నది."

అన్నాక అతనికి ఏడుపు ఆగింది. తువ్వాలతో మొహం తుడుచుకుని కుదురుగా కూర్చున్నాడు. "నువ్వు తీసిన వేళ్ళు మళ్ళ వస్తయా?"

"వస్తయి."

"పెట్టెయ్యి. చెయ్యి ఉండనియ్యి. నేను దినదినం చూడాలె."

తీసేసిన వేళ్ళను పద్మలత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చింది. ఉంగరపు వేలు, తర్వాత చిటికెన వేలు. అప్పటికే చీకటి పడుతోంది. ఆ ఒక్క ఫోటోనే పెన్ డ్రైవ్‌లో వేసి ప్రింటుకు పంపింది. కోరుట్ల నుంచి వచ్చిన కరుణాకర్ అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందంది. అతను కుర్చీలో కూర్చుని, ఆమె రెండు రోజులు కష్టపడి తెరిచిన ఫోల్డర్‌ను మొత్తంగా పట్టి తుడిచేశాడు. దాన్ని తుడవడానికీ ఆ హక్కే కావాల్సి వచ్చింది, అది ఇప్పుడు అతనికి ఉంది.

*

బుధవారం ఫ్రేము ఆలస్యమైంది. పద్మలతే ఆటోలో పట్టుకుపోయింది. సాలెవాడలో ఇంటి ముందు టెంటు వేశారు. బీడీల కార్ఖానాలో ముత్తవ్వతో పనిచేసిన ఆడవాళ్ళు ఒక పక్కన చేరి కూర్చున్నారు. గుండు చేయించుకున్న హనుమండ్లు మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది. నర్మద కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచి ఫోటో నిలబెట్టింది. బంతిపూల దండ వేసింది. దండ లావుగా ఉండి భుజాల మీదుగా జారింది, చెయ్యి కనబడకుండా పోయింది. పద్మలతకు ఊపిరి తిరిగినట్టయింది.

అనసూర్య వచ్చి ఫోటో ముందు నిలబడింది. ముసలితనం మీద పడ్డా గట్టి మనిషి. తోటికోడలి మొహాన్ని తేరిపార చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత దండ కింద ఏదో కనబడి వంగి చూసింది.

"ఓ నర్మదా, దండ జర పక్కకు జరుపు. కొడుకు చెయ్యి కనబడాలె."

నర్మద దండ పక్కకు జరిపింది. కంకణం కట్టిన చెయ్యి భుజం మీద నిలిచింది.

"సూడుండ్రి," అంది అనసూర్య అందరి వైపూ తిరిగి. "లగ్గం నాడు తల్లిని ఎట్ల దగ్గరికి తీసుకున్నడో సూడుండ్రి. గసొంటి కొడుకును కన్నది, గది సాలు దానికి."

బీడీల ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. అవును, ఎంత ప్రేమగ పట్టుకున్నడో అని ఒకామె అంది. మా కొడుకులు పెండ్లినాడు మా దిక్కే చూడలే అని ఇంకొకామె అంది. ఎవరో ఫోన్‌తో ఆ ఫోటోను ఫోటో తీసుకున్నారు.

హనుమండ్లు లేచి వచ్చాడు. "దగ్గరికి తీసుకున్నది గాదు పెద్దవ్వా," అన్నాడు. గొంతు పెద్దది కాలేదు. "పక్కకు నూకిన. నువ్వు గూడ ఆడనే ఉన్నవు."

అనసూర్య అతని గుండు నిమిరింది. "దుఃఖంల ఏం మాట్లాడుతుండో వానికే తెల్వది," అని పక్కవాళ్ళతో చెప్పింది. ఆమె అబద్ధమాడలేదు. పదేళ్ళ కిందటి ఆ క్షణం ఆమెకు నిజంగానే గుర్తు లేదు. గుర్తు పెట్టుకునేంత పెద్ద సంగతిగా అది అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

అతను పద్మలత వైపు తిరిగాడు. "నువ్వు చూసినవు గదక్కా. తర్వాతి ఫోటో ఉన్నది గదా. తెచ్చి వీళ్ళకు చూపియ్యి."

అందరూ ఆమెనే చూస్తున్నారు.

"లేదు తమ్మీ," అంది పద్మలత. "డిస్కు తుడిచేసిండ్రు. గిదొక్కటే ఉన్నది."

అతను తల ఊపాడు. విస్తళ్ళు వేశారని ఎవరో లోపలినుంచి పిలిచారు. అనసూర్య అతని భుజం మీద చెయ్యి వేసి, బిడ్డా రా అని నడిపించుకుపోయింది. హనుమండ్లు కూతురు కుర్చీ దగ్గరికి వచ్చి, నానమ్మ భుజం మీది వేళ్ళను అద్దం పైనుంచి ముట్టుకుని చూసి, ఇది మా బాపు చెయ్యి అని పద్మలతకు చెప్పింది. అవును బిడ్డా అని పద్మలత చెప్పులు వేసుకుంది.